గడప దాటి పోయిన పాట



పోయిన నవంబరు 1న తెల్లవారుజామున ఐదున్నరకు మా ఫోను మోగింది. ఆ వేళప్పుడు పాస్టరుకు ఫోను వచ్చిందంటే సాధారణంగా ఎవరో ప్రభువునందు నిద్రించారన్న కబురే. భయపడుతూనే ఎత్తాం. టెక్సాస్‌లో ఉంటున్న మన సంఘపు ఆడబిడ్డ. అక్కడ ఇంకా అక్టోబరు 31 సాయంత్రం ఏడు గంటలు.

"అయ్యగారూ, ఈ రోజు ఇక్కడ హాలోవీన్. వీధిలో పిల్లలంతా వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరుగుతూ చాక్లెట్లు అడుగుతున్నారు. మనకెందుకు ఈ దయ్యాల పండుగ అని మేము వాకిట్లో లైటు ఆర్పేసి లోపల కూర్చున్నాం. ఇక్కడ లైటు ఆర్పితే మా ఇంటికి రావద్దని గుర్తు. పిల్లలు మా మెట్ల దాకా వచ్చి, చీకటి చూసి పక్కింటికి పోతున్నారు. మా బాబు కర్టెన్ సందులోంచి చూస్తూ, వాళ్ళు మన ఇంటికి ఎందుకు రారమ్మా అని ఏడుస్తున్నాడు. మేము చేసింది సరైనదేనా అయ్యగారూ?"

ఏ వాక్యం చెప్పాలా అని మేము వెదుక్కుంటుండగానే పాస్టరమ్మ ఫోను తీసుకున్నారు. "ముందు పోయి లైటు వెయ్యి తల్లీ. మిగతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

ఈ మాట ఆ ఆదివారానికే సంఘమంతా తెలిసింది. ఆరాధన అయ్యాక ఇద్దరు పెద్దలు మమ్మల్ని పక్కకు పిలిచి, "దయ్యాల పండుగకు లైటు వెయ్యమని పాస్టరమ్మ ఎట్లా చెప్తారు అయ్యగారూ?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆ రోజు తొందరలో ఏదో చెప్పి వచ్చేశాం గాని పూర్తిగా జవాబు చెప్పలేదు. చెప్పాలంటే మేము హైదరాబాదు పాతబస్తీలో కాపురమున్న మూడేళ్ళ సంగతి చెప్పాలి. అందులో ప్రసంగ వేదిక మీద ఎన్నడూ చెప్పుకోలేని మా తప్పు ఒకటి ఉంది. ఇన్నాళ్ళకు మీ ముందు ఒప్పుకుంటున్నాం.

ముందుగా హాలోవీన్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. నవంబరు 1 క్రైస్తవ సంఘ చరిత్రలో సకల పరిశుద్ధుల పండుగ. దాని ముందు రాత్రిని ఇంగ్లీషు వాళ్ళు ఆల్ హాలోస్ ఈవ్ అన్నారు. ఆ మాటే అరిగి అరిగి హాలోవీన్ అయింది. మర్నాడు, అంటే నవంబరు 2, మనకు బాగా తెలిసిన సమాధుల పండుగ. మన పెద్దల సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పునరుత్థాన నిరీక్షణను గూర్చి పాటలు పాడుకుని వస్తాం కదా, అదే. ఐర్లాండులో క్రైస్తవ్యం రాకముందు కోతల ముగింపులో జరుపుకునే పండుగ ఆచారాలు కొన్ని ఈ రోజులతో కలిసిపోయాయి. వెనకటికి ఇంగ్లాండులో ఈ రోజుల్లో పేదవాళ్ళు ఇంటింటికీ పోయి, "మీలో చనిపోయిన వాళ్ళ కోసం ప్రార్థిస్తాం" అని చెప్పి చిన్న చిన్న కేకులు అడిగి తెచ్చుకునేవారు. ఐర్లాండు, స్కాట్లాండు వాళ్ళు టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు పెట్టేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో వాళ్ళు అమెరికాకు వలసపోయినప్పుడు ఆచారం కూడా వెంట పోయింది. అక్కడ గుమ్మడికాయలు దొరికాయి, దుంపల బదులు గుమ్మడికాయలు వచ్చాయి. మార్టిన్ లూథర్ తన 95 వాదాంశాలను 1517లో బయటపెట్టింది కూడా ఇదే అక్టోబరు 31న. మన సంఘాలు సంస్కరణ దినమని జ్ఞాపకం చేసుకునేది ఆ రోజే.

ఇప్పుడు ఆ పండుగలో దయ్యాల బొమ్మలు, పుర్రెలు, అస్థిపంజరాలు ఎక్కువైన మాట నిజం. చీకటి క్రియలలో పాలివారు కావద్దని ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయంలో పౌలు చెప్పిన మాట మనకు తెలుసు. దయ్యాల వేషం వెయ్యమని మేము ఎవరికీ చెప్పలేదు, చెప్పం. కాని తలుపు దగ్గరికొచ్చిన పసిపిల్లలకు మన ఇల్లు చీకటిగా కనబడటం గురించి మాత్రం మేము పాతబస్తీలో ఒక పాఠం నేర్చుకున్నాం.

2011 జూన్‌లో మేము పాతబస్తీకి పోయాం. పాలమూరు నుండి వచ్చి భవన నిర్మాణంలో కూలి చేసుకునే కొన్ని విశ్వాస కుటుంబాలు అక్కడ ఉండేవి. వాళ్ళ మధ్య ఇంటి ప్రార్థనలు జరిపించడం మా పని. లాల్ దర్వాజాకు, శాలిబండకు మధ్య ఒక సన్నని గల్లీలో రెండు గదుల ఇల్లు అద్దెకు దొరికింది. మా పాపకు అప్పుడు ఆరేళ్ళు. గల్లీలో ఎదురిల్లు ఒక తెలుగువాళ్ళది, మా ఇంటిని ఆనుకుని ఒక ముసల్మాను కుటుంబం. ఆ గల్లీ మొత్తానికి యేసు నామము చెప్పుకునే ఇల్లు మాదొక్కటే.

పాతబస్తీ సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. అక్కడ పండుగ ఒక ఇంట్లో జరిగేది కాదు, గల్లీ అంతా జరిగేది. మేము దిగిన నెల తిరిగేసరికి ఆషాఢ బోనాలు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాదు మీదుగా చివరికి లాల్ దర్వాజాకు వస్తాయి. డప్పులు, పోతరాజులు, తలల మీద దీపం పెట్టిన కుండలతో ఆడవాళ్ళు, మర్నాడు ఏనుగు మీద ఘటం ఊరేగింపు. మా గల్లీలో కాలు పెట్టడానికి సందు లేదు. మేము తలుపు గడియ వేసుకుని లోపల ప్రార్థన చేసుకున్నాం. మా పాప మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.

ఆ సాయంత్రం ఎదురింటి అక్క ఒక పళ్ళెంలో బోనం అన్నం, బెల్లం పెట్టి, పైన చెంగు కప్పి మా గడప దగ్గరకు తెచ్చింది. కొత్తగా వచ్చిన ఇల్లని, పసిపిల్ల ఉన్న ఇల్లని తెచ్చింది. మేము ఏం చేశామో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. వద్దని ఊరుకోలేదు. గడపలో నిలబెట్టి, విగ్రహాలకు పెట్టింది మేము ముట్టమని, అది ఎందుకు పాపమో పది నిమిషాలు చెప్పాం. గల్లీలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆమె ఒక్క మాట అనలేదు. చెంగు సర్దుకుని పళ్ళెం తీసుకుని వెనక్కి పోయింది. తలుపు వేసుకున్నాక, సాక్ష్యం చెప్పామని మేము దేవుని స్తుతించుకున్నాం కూడా.

ఆ వెంటనే ఆగస్టులో రంజాన్ వచ్చింది. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు పక్కింటి దాదీమా పళ్ళేలు సర్ది, మనవడి చేతికిచ్చి ఇల్లిల్లూ పంపేది. ఖర్జూరాలు, ఉడికించిన శనగలు, మిర్చి బజ్జీలు, పండ్ల ముక్కలు. మనవడికి ఎనిమిదేళ్ళు ఉంటాయి. రెండు చేతులా పళ్ళెం పట్టుకుని, నాలుక బయటపెట్టి, ఒలకకుండా జాగ్రత్తగా నడిచేవాడు. ఎదురింటికి ఇచ్చేవాడు. ఆ పక్కింటికి ఇచ్చేవాడు. మా గుమ్మం ముందు నుంచి మూల ఇంటికి పోయేవాడు. మా ఇంటికి మాత్రం రాలేదు.

మొదటి రోజు మేము పట్టించుకోలేదు. వారం గడిచింది. మా పాప రోజూ ఆ వేళకు మొహం కడుక్కుని, జడ వేయించుకుని, గడప మీద కూర్చోవడం మొదలుపెట్టింది. అడగదు, మాట్లాడదు, కూర్చుంటుంది. వాడు దాటిపోయాక లేచి లోపలికి వచ్చేది. ఒక రాత్రి అన్నం కలిపి పెడుతుంటే, "నాన్నా, మనం మంచివాళ్ళం కాదా?" అంది.

పాస్టరమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం నేరుగా పక్కింటికి పోయి, వచ్చీరాని ఉర్దూలో అడిగేశారు, అందరికీ పంపుతూ మాకెందుకు పంపరని. మేమైతే ఎన్నటికీ అడగలేకపోయేవాళ్ళం. దాదీమా ఆశ్చర్యపోయింది. "ఆప్ లోగాఁ నై ఖాతే కతే నా!" అంది. మీరు తినరంట కదా అని. ఎదురింటి పళ్ళెం సంగతి గల్లీ అంతా తెలిసింది. మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదనే ఆ ముసలమ్మ రోజూ ఒక పళ్ళెం తక్కువ సర్దింది. మమ్మల్ని ఎవరూ వెలివేయలేదు. లైటు ఆర్పుకున్నది మేమే.

ఆ సాయంత్రం పళ్ళెం వచ్చింది. మా పాప దాన్ని పట్టుకున్న తీరు చూస్తే, సంస్కారపు పాత్ర పట్టుకున్నట్టే ఉంది. అక్కడి వాడుక ప్రకారం ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వకూడదని పాస్టరమ్మ మర్నాడు అందులో రవ్వలడ్డూలు పెట్టి పంపారు.

ఆ రాత్రి మేము 1 కొరింథీయులకు 10వ అధ్యాయం మళ్ళీ చదివాం. అక్కడ పౌలు చెప్పేది మీకు తెలుసు. అవిశ్వాసి విందుకు పిలిస్తే, పోవాలనిపిస్తే పోండి, పెట్టినది ప్రశ్నలు వేయకుండా తినండి అంటాడు. ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పిన మనిషి మనస్సాక్షి కోసం తినవద్దంటాడు. అంటే బోనం అన్నం తినకపోవడంలో మేము తప్పు చేయలేదు. తప్పంతా గడపలో ఆ పది నిమిషాలలో ఉంది. అదే అధ్యాయం చివర పౌలు, యూదులకైనా గ్రీసు దేశస్థులకైనా సంఘానికైనా అభ్యంతరం కలిగించవద్దని చెబుతాడు. ఆ మాట ఎన్నిసార్లు చదివామో, ఎన్నిసార్లు బోధించామో! ఎదురింటి అక్క ముఖం చూసేదాకా దాని అర్థం మాకు తెలియలేదు.

మేమిద్దరం పోయి ఆమెను క్షమాపణ అడిగాం. ఆమె కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "గదేం మాటలన్నా, పొరుగోళ్ళం కాదా" అని చాయ్ పెట్టింది. అంతే. మేము రెండు నెలలు మోసిన బరువును ఆమె ఒక్క గ్లాసు చాయ్‌తో దింపేసింది.

డిసెంబరు మొదటి వారంలో మొహర్రం. మన పల్లెల్లో పీరీలు లేచినప్పుడు ఎవరెవరు ఎత్తుకుంటారో, అలాయి చుట్టూ ఎవరెవరు ఆడతారో మీరు చూసినదే. అందులో సగానికి పైగా ముసల్మానులు కానివాళ్ళే ఉంటారు. పాతబస్తీలో పదో రోజున దబీర్‌పురా నుండి బీబీ కా ఆలం ఏనుగు మీద బయలుదేరి చార్మినారు మీదుగా చాదర్‌ఘాట్ వైపు పోతుంది. అది దుఃఖపు ఊరేగింపు, వేడుక కాదు. ఆ రోజు ఒక కూలి కుటుంబాన్ని చూడటానికి పోతూ మేము ఆ జనంలో చిక్కుకున్నాం. దారి పొడుగునా సబీల్ అని పందిళ్ళు వేసి వచ్చేపోయేవాళ్ళకు నీళ్ళు, షర్బత్ ఇస్తున్నారు. కర్బలాలో దాహంతో చనిపోయిన తమవాళ్ళ జ్ఞాపకంగా ఇచ్చేది. మా చంకలో బైబిలు ఉంది. గ్లాసు ఇచ్చే కుర్రవాడు ఆ బైబిలు చూశాడు, గ్లాసు ఇచ్చాడు. సమరయ స్త్రీని యేసుప్రభువు నీళ్ళు అడిగిన సంగతి గుర్తొచ్చింది. ఆమెకు జీవజలం గురించి చెప్పక ముందు ఆయన ఆమె చేతి నీళ్ళు అడిగాడు. మేము ఎప్పుడూ ఇచ్చేవాళ్ళుగానే ఉండాలనుకున్నాం. పుచ్చుకోవడం మాకు రాలేదు.

ఇంతవరకు మీరు, పాఠం నేర్చుకున్నారు కదా అయ్యగారూ అనుకుంటారు. అసలు సంగతి ఇప్పుడు వస్తుంది.

క్రిస్మస్ వచ్చింది. వెదురు బద్దలతో, రంగు కాగితాలతో నక్షత్రం చేసి లోపల బల్బు పెట్టి మా వాకిట్లో కట్టాం. దాదీమా మనవడు వచ్చి రోజూ దాని కింద నిలబడి తల ఎత్తి చూసేవాడు. మా పాప వాడికి చెప్పేసింది: "24 రాత్రి మేమంతా పాటలు పాడుతూ ఇంటింటికీ పోతాం. క్రిస్మస్ తాత వస్తాడు. చాక్లెట్లు ఇస్తాడు."

24 రాత్రి పదిన్నరకు మా ఇంటి నుండే కేరల్స్ బయలుదేరాయి. ఒక డోలక్, రెండు కంజీరలు, తెల్లగడ్డం పెట్టుకున్న ఒక మేస్త్రీ. ఇరవై మందిమి. విశ్వాసుల ఇళ్ళన్నీ దూరంగా ఉన్నాయి. చాంద్రాయణగుట్ట వైపు కొన్ని, ఛత్రినాక వైపు కొన్ని. బయలుదేరేటప్పుడు మేమే అందరికీ చెప్పాం: "గల్లీ దాటేదాకా డోలక్ కొట్టకండి, గట్టిగా పాడకండి. వీళ్ళు మనవాళ్ళు కాదు, నిద్రలో ఉంటారు, ఎందుకు ఇబ్బంది పెట్టడం." పిల్లిలాగా గల్లీ దాటి పెద్ద రోడ్డు ఎక్కాక పాట ఎత్తుకున్నాం.

తెల్లవారి దాదీమా తానే వచ్చింది. చేతిలో ఉస్మానియా బిస్కెట్ల పళ్ళెం. మనవడు రాత్రి పడుకోలేదట. మఫ్లరు చుట్టుకుని, స్వెట్టరు వేసుకుని, తలుపు సందు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడట. పాడేవాళ్ళకు చలి కదా అని ఆమె ఫ్లాస్కులో చాయ్ పోసి, ఈ బిస్కెట్లు పళ్ళెంలో సర్ది పెట్టిందట. మేము చెప్పులు చప్పుడు కాకుండా వాళ్ళ గడప దాటిపోతుంటే ఇద్దరూ లోపలి నుంచి చూశారట. ఆమె నిష్ఠూరంగా అనలేదు. "పిల్లవాడు తెలియక ఆశపడ్డాడు, మీ పద్ధతి మీకు ఉంటుంది కదా" అన్నది. ఆగస్టులో మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని ఆమె పళ్ళెం పంపలేదు. డిసెంబరులో వాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని మేము పాట పాడలేదు. మధ్యలో ఇద్దరు పిల్లలు, ఒకరు ఇటు గడప మీద, ఒకరు అటు తలుపు సందులో.

ఆ క్రిస్మస్ ఆరాధనలో మేము ఏం ప్రసంగించామో గుర్తులేదు. గుర్తున్నది ఆ బిస్కెట్ల పళ్ళెం. గొర్రెల కాపరులకు దూత చెప్పిన సువార్త ప్రజలందరికీ కలగబోయే సంతోషమని లూకా 2లో ఉంది. అందులో మా గల్లీని మినహాయించింది మేము.

నిర్గమకాండము 23:9లో దేవుడు ఇశ్రాయేలీయులకు ఒక ఆజ్ఞ ఇస్తాడు. పరదేశిని బాధించవద్దని చెప్పి, దానికి కారణంగా, మీరు ఐగుప్తులో పరదేశులై ఉన్నారు గనుక పరదేశి మనస్సు ఎట్లుంటుందో మీకు తెలుసు అంటాడు. ప్రియులారా, ఆ వాక్యాన్ని మేము అంతకుముందు మా వైపు నుండే చదువుకునేవాళ్ళం. మేము అల్పసంఖ్యలో ఉన్నవాళ్ళం, మమ్మల్ని కలుపుకోవాలి, మమ్మల్ని గుర్తించాలి అని. కిటికీ దగ్గర నిలబడిన మా బిడ్డ బాధ మాకు తెలుసు. తెలిసినవాళ్ళం గనుకనే పక్క కిటికీలో ఉన్న బిడ్డను మేము ముందుగా చూడవలసింది. కలుపుకుంటారా అని ఎదురుచూసిన ప్రతివాడి మీద ఆ బాధ్యత ఉంది. మమ్మల్ని ఎవరు పిలుస్తారని చూస్తూ, మన పిలుపు కోసం ఎవరు చూస్తున్నారో మరచిపోతాం.

ద్వితీయోపదేశకాండము 16:14 చూడండి. పండుగలో ఎవరెవరు సంతోషించాలో దేవుడు పేరు పేరునా చెప్పాడు. నీ కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, నీ గ్రామంలో ఉన్న లేవీయుడు, పరదేశి, తల్లిదండ్రులు లేనివాడు, విధవరాలు. పండుగ సరిగ్గా జరిగిందా లేదా అనడానికి అదే లెక్క.

మరుసటి ఏడు, 2012 బోనాలనాడు ఎదురింటి అక్క మళ్ళీ వచ్చింది. చేతిలో చిన్న స్టీలు గిన్నె. మేము మాట్లాడకముందే ఆమే అంది: "గిది బోనం కుండలది కాదు సెల్లె. మీకోసం పొద్దుగాలనే వేరే గిన్నెల వండిన. దేవుని కాడ పెట్టలే." తల మీద బోనం ఎత్తుకుని పోవలసిన రోజు, ఉపవాసం ఉన్న రోజు, ఇల్లంతా చుట్టాలున్న రోజు, మా విశ్వాసానికి భంగం రాకుండా ఆమె మరో పొయ్యి వెలిగించింది. ఆ బెల్లం అన్నం మేము కళ్ళనీళ్ళతో తిన్నాం. ప్రేమ విందులను గూర్చి మేము చేసిన ప్రసంగాలన్నీ ఆ గిన్నెలో ఇమిడిపోయాయి. ఆమె తన పండుగను మార్చుకోలేదు, మా నమ్మకాన్ని మార్చుకోమనలేదు. మమ్మల్ని వదిలిపెట్టలేదు, అంతే.

ఆ డిసెంబరు 24న మేము గల్లీలోనే డోలక్ కొట్టాం. ముందు రోజే ప్రతి ఇంటికీ పోయి, "రేపు రాత్రి పాడుకుంటూ వస్తాం, మీ గడప దగ్గర ఆగమంటారా?" అని అడిగాం. ఒక ఇంటివాళ్ళు ముసలాయనకు బాగాలేదని వద్దన్నారు, ఆగలేదు. మిగతా ఇళ్ళ దగ్గర ఒక్కొక్క పాట పాడాం. దాదీమా ఇంటి దగ్గర ఆమె బీబీ మరియం పేరు విని తల మీద కొంగు సరిచేసుకుంది. వాళ్ళ ఖురానులో మరియమ్మ పేరుతో ఒక అధ్యాయమే ఉందని ఆ రాత్రే ఆమె నోట మొదటిసారి విన్నాం. మనవడు క్రిస్మస్ తాత గడ్డం లాగి, "యే తో మేస్త్రీ హై!" అని అరిచాడు. గల్లీ అంతా నవ్వింది. యేసుక్రీస్తు ఎందుకు పుట్టాడో మేము ఆ గడపల మీద నాలుగు మాటల్లో చెప్పాం. నిండు మనసుతో విన్నారు. ఎవరి మనసులో ఏ విత్తనం పడిందో ప్రభువుకే తెలుసు, పంట లెక్క మాది కాదు.

ఇక టెక్సాస్ బిడ్డ సంగతి. పాస్టరమ్మ "లైటు వెయ్యి" అన్నది హాలోవీన్‌ను ఆచరించమని కాదు. మన పల్లెల్లో కాముని పున్నమికి ముందు వెన్నెల రాత్రుల్లో పిల్లలు కర్రలు తాటించుకుంటూ జాజిరి పాటలు పాడుతూ వాకిట్లోకి వస్తే, మనం ఆ పండుగ చేసుకోకపోయినా గుప్పెడు గింజలు వెయ్యమా? పిల్లల్ని చీకట్లోంచి వెనక్కి పంపమా? అట్లాగే. దయ్యం బొమ్మ మన వాకిట్లో కట్టనవసరం లేదు. దీపం ఉంటే చాలు. ఒక గిన్నెలో మిఠాయిలు పెట్టుకుని కూర్చుని, వచ్చిన బిడ్డ పేరు అడిగి, దేవుడు నిన్ను దీవించును గాక అని పంపవచ్చు. ఇది తన మనస్సాక్షికి ఒప్పదని ఎవరైనా అనుకుంటే, రోమా 14 ప్రకారం మేము వాళ్ళకు తీర్పు తీర్చం. అటువంటివాళ్ళు మర్నాడైనా ఆ వీధి వాళ్ళ తలుపు తట్టి పలకరించాలని మాత్రం అడుగుతాం. ఆ రోజు పది నిమిషాల తర్వాత ఆ బిడ్డ నుండి వాట్సాప్‌లో ఒక్క మాట వచ్చింది: "వేశాం అమ్మగారూ." క్రిస్మస్‌కు ఆ వీధిలో నాలుగు కుటుంబాలు వాళ్ళింటికి భోజనానికి వచ్చాయి.

ఇప్పుడు మన సంగతి. ఇవాళ హాలోవీన్ మన హైదరాబాదుకూ వచ్చింది. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు పెద్ద అపార్టుమెంట్లలో పిల్లలు వేషాలు వేసుకుని ఫ్లాటు ఫ్లాటుకూ తిరుగుతున్నారు. మన సంఘం నుండి అక్కడికి వాచ్‌మన్ పనికి పోయిన కుటుంబాలు ఉన్నాయి. ఆ వాచ్‌మన్ గదిలోంచి చూసే బిడ్డను ఎవరైనా రమ్మంటారా అని మనం బాధపడతాం. బాధపడటం న్యాయమే. అయితే మన కేరల్స్ ఏ దారిన పోతున్నాయో కూడా చూసుకుందాం. ఏటా మనం విశ్వాసుల ఇళ్ళ పట్టీ రాసుకుని ఆ ఇళ్ళకే పోతున్నాం. చెరువుకట్ట మీద ఉన్న ఇళ్ళు దూరమని వదిలేస్తున్నాం. రెండేళ్ళుగా గుడికి రాని సహోదరి ఇంటి ముందు పాట ఆపేసి దాటిపోతున్నాం. మన ఊరి దూదేకుల ఇళ్ళ పిల్లలు ప్రతి ఏడూ మన నక్షత్రం కింద నిలబడి చూడటం మీరూ చూశారు, మేమూ చూశాం. ఇంతవరకు ఒక్కసారీ వాళ్ళను అడగలేదు.

కాబట్టి ఈ డిసెంబరుకు ఒక మాట అనుకుందాం. యవ్వనస్థులు 23న ఊరంతా తిరిగి ప్రతి గడప దగ్గరా మర్యాదగా అడగాలి. వద్దన్న ఇంటిని గౌరవించాలి, రమ్మన్న ఇంటిని వదలకూడదు. స్త్రీల సమాజం వారు ప్రేమ విందులో మాంసం తినని పొరుగువాళ్ళ కోసం వేరే పొయ్యి మీద, వేరే గిన్నెలో వండాలి. ఆ గిన్నె సంగతి పాస్టరమ్మ చూసుకుంటానన్నారు.

ప్రార్థించుకుందాం: ప్రభువా, మేము దూరస్థులమై ఉండగా నీ రక్తము చేత మమ్మును సమీపస్థులుగా చేసుకున్నావు. మా వాకిట్లో దీపం ఆరకుండా కాపాడుము. మేము దాటిపోయిన గడపలను మాకు జ్ఞాపకము చేయుము. మేము గాయపరచిన పొరుగువారి దగ్గరకు మమ్మును నడిపించుము. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు, పాస్టరమ్మ